చప్పట్లు పాటకా, అట్టలకా?

మా నాయన గిటారు వాయించేవాడని చెప్తే ధర్మవరంలో ఒక్కరూ నమ్మరు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని, తల వంచుకొని నేసే మనిషిని చూపించి, ఈయన హిందూపురం ఆర్కెస్ట్రాలో స్టేజీ ఎక్కినోడు అంటే, "ఏమ్మే, మీ నాయనా? ఎవరన్నా పలకరిస్తే జవాబు చెప్పేకే సిగ్గుపడతాడే ఆయప్ప!" అని నగుతారు.

కానీ నిజం. నా చిన్నప్పుడు, క్యాసెట్ల కాలంలో, హిందూపురం, పెనుకొండ, కదిరి, యాడ పందిరేసినా ఆ ఆర్కెస్ట్రానే పిలుస్తాండ్రి. పాడేకి ఒక పెద్దాయన, డ్రమ్స్ ఆయన, కీబోర్డు ఆయన, గిటారు మా నాయన. సినిమా పాటలు ఎవరైనా పాడతారు. వీళ్ళ గొప్ప ఏమంటే, నడిమిట్లో పాట ఆపేసి, మాటల్లేకుండా గిటారు, డ్రమ్సు మటుకే పది నిమిషాలు దంచుతాండ్రి. దాన్ని రాక్ అంటారని నాకు శానా రోజులకి తెలిసింది. మేమైతే "కొట్టుడు బిట్టు" అంటాంటిమి. అది మొదలైతే ముసిలోళ్ళు చెవులు మూసుకుంటాండ్రి, వయసోళ్ళు కుర్చీలెక్కుతాండ్రి. నేను అమ్మ ఒళ్ళో కూర్చొని, పక్కనోళ్ళని గిల్లి మరీ "మా నాయన, మా నాయన" అని చెప్తాంటి.

తర్వాత సీడీలు వచ్చె, ఇంత లావు స్పీకర్లు వచ్చె. మనుషులు వాయించే పని ఎవరికీ అక్కర లేకుండా పాయె. డ్రమ్స్ ఆయన ఆటో తోలుకున్నాడు. కీబోర్డు ఆయన చర్చిలో వాయించుకుంటా ఉండిపోయినాడు. మా నాయన ధర్మవరం వచ్చి ఒక షెడ్డులో మగ్గం పట్టుకున్నాడు. గిటారును అమ్మ పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టినాడు. ఎనిమిదేండ్లు దాన్ని తీయలా. మేమూ అడగలా.

నేను ఎనిమిదో తరగతి తప్పి, అదే షెడ్డులో దారం కండెలు చుట్టేకి చేరినా. నా పక్కన చుట్టేది మా పక్కింటి అక్క. నోరు ఆమెకీ తక్కువ లేదు, నాకూ తక్కువ లేదు. ఇద్దరం మాట్లాడుతాంటే మగ్గాల చప్పుడు కూడా వినపడదని మేస్త్రీ అంటాండె.

ఒకరోజు ఆ పాడే పెద్దాయనే షెడ్డు కాడికి వచ్చినాడు. తల నెరిసిపోయినా అదే నగువు. "ఏమప్పా, మళ్ళా మొదలుపెడతాండాము. పెనుకొండ యూత్ వాళ్ళు ఒక ప్రోగ్రాం ఇచ్చినారు, వచ్చే ఆదివారం, స్కూలు గ్రౌండులో. జనం వన్స్ మోర్ అంటే వినాయక చవితికి కూడా మనమే. అనకపోతే బెంగుళూరు డీజేని పిలుచుకుంటారంట."

నాయన చేతులు చూసుకున్నాడు. "ఇవి మగ్గం వేళ్ళు అయిపోయినాయన్నా."

"దారం లాగే వేళ్ళు తీగ లాగలేవా?" అన్నాడాయన.

ఆ పూట అన్నం తింటా నాయన అమ్మతో మెల్లగా చెప్పినాడు. "ఈసారి జనం వద్దంటే, ఇంక ఆ గిటారును ఎవరికన్నా ఇచ్చేస్తా. అది మంచం కింద ఉంటే నాకు నిద్ర పట్టదు." ఎనిమిదేండ్లూ ఆయన సరిగ్గా నిద్రపోలేదని నాకు ఆ పొద్దే తెలిసింది.

మరుసటి రోజు షెడ్డులో పెద్ద రభస. అక్క మొదలుపెట్టింది.

"పాతోళ్ళు మళ్ళా వచ్చేది యాలకమ్మే? చల్లారిన సంగటిని మళ్ళా పొయ్యి మీద పెట్టినట్ల."

"నువ్వు రోజూ పొద్దున చల్లారిన సంగట్లో మజ్జిగ పోసుకొని తాగుతావే, అది మటుకు కమ్మగుంటాదా?"

"అది కడుపుకి. ఇది చెవులకి. నేను పెండ్లి కాకముందు వాళ్ళ ప్రోగ్రాం చూసినా. అప్పుడు బాగుండె. ఇప్పుడు నాకు ముగ్గురు పిల్లోళ్ళు. అదే పాట ఇప్పుడు బాగుండాలంటే ఎట్లుంటాది?"

"పిల్లోళ్ళని కన్నది నువ్వు. పాటేం కనలేదు కదా!"

చివరి మగ్గం మీదుండే తాత చెయ్యి ఆపి అన్నాడు. "జనానికి కావాల్సింది ఆ ఆర్కెస్ట్రా కాదు పాపా, వాళ్ళ వయసు. పాత పాట వింటే రోంతసేపు ముప్పై ఏండ్లు తగ్గుతాయి. అందుకే అడుగుతారు."

"అట్లయితే మంచిదే కద తాతా! మా నాయన వాయిస్తే నీకు గూడా తగ్గుతాయి, రా!"

నగినారు గానీ నాకు లోపల భయమే. తాత చెప్పింది నిజమైతే, వయసోళ్ళు ఎవరడుగుతారు? వాళ్ళకి తగ్గించుకునేకి వయసే లేదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా పక్క ఆర్కెస్ట్రా అంటే చీటీలుంటాయి. ఏ పాట కావాల్నో కాగితం మీద రాసి, ఊరి పేరు పెట్టి, చేతులు మార్చి స్టేజీ మీదికి పంపుతారు. పైనోళ్ళు మైకులో చదివి పాడతారు. కొట్టుడు బిట్టు కావాలని పది ఊర్ల నుంచి చీటీలు పోతే, ఆ యూత్ వాళ్ళు కాదనగలరా? ఆ పది ఊర్లూ నేనే రాస్తే సరిపాయె!

కాగితం చీటీ నలిగిపోతుంది, జారిపోతుంది. గట్టిది కావాల. మా షెడ్డులో గట్టివంటే మగ్గం అట్టలు. చీర అంచులో నెమలో, మామిడి పిందో రావాలంటే మగ్గం పైన బొక్కలు కొట్టిన అట్టలు వరసగా తిరగాల. ఒక్కో అట్టకి ఒక్కో పోగు వరస లేస్తాది. అయిపోయిన డిజైన్ల అట్టలు ఒక మూలలో కుప్పగా పడింటాయి. మేము వాటితో విసురుకుంటాము, బిందెల మీద మూతలేస్తాము. ఆ కుప్ప పక్క నుంచి నూనె మరకలు, దుమ్ము లేని నలభై అట్టలు ఏరుకున్నా. ఇంత శుభ్రంగా యాలుండాయని ఒక్కసారన్నా ఆలోచించాల్సింది. ఆలోచించలా.

స్కెచ్ పెన్ను తీసుకొని రాసినా. "రామగిరి ఆడపడుచులు, కొట్టుడు బిట్టు." "తలుపుల రైతులు, కొట్టుడు బిట్టు." "కదిరి కాలేజీ అబ్బాయిలు, కొట్టుడు బిట్టు, దయచేసి." రాత మారాలని కొన్ని ఎడమ చేత్తో రాసినా. అవి కూడా నా కుడిచేతి రాతలాగే వచ్చె. అక్క చూసి, "ఛీ, దొంగ ఓట్లు వేస్తాండావు" అని తిట్టింది. తిట్టి, మూడు అట్టలు లాక్కొని, వాన పాట కావాలని తన పేరుతో తానే రాసుకుంది.

ఆదివారం నాలుగ్గంటలకి పెనుకొండ స్కూలు గ్రౌండు నిండింది. షెడ్డులో అందరం పోయినాము. నాయన వేసుకున్న పాత తెల్ల ప్యాంటుకి గుండీ పట్టలా, పైన చొక్కా వదిలినాడు. అట్టలు ఆడోళ్ళ వరసల్లో పంచి పెట్టినా. పంపండని చెప్తే, ఎండకి సగం మంది వాటితో విసురుకుంటా కూర్చున్నారు.

మొదటి పాట గెలవలా. పెద్దాయన గొంతు పైకి పోయే చోట పట్టేసింది. నాయన బిట్టు ఒక క్షణం లేటుగా వచ్చింది. రెండో పాటా అంతే. ముందర నిలబడిన వయసోళ్ళు, "తాతా, పాట తర్వాత, మందు గోలీ వేసుకున్యావా?" అని ఈలలు. యూత్ పెద్దమనిషి ఒకడు వాచీ చూసుకుంటాండాడు. నాయన తల వంగిపోయింది, మగ్గం మీద వంగినట్ల. నేను లేచి, "చీటీలు పంపండే, పంపండే!" అని వీపులు పొడిచినా.

అట్టలు ఒక్కొక్కటే స్టేజీ ఎక్కినాయి. పెద్దాయన ఒకటి పట్టుకొని తిప్పి తిప్పి చూసినాడు.

"రామగిరి ఆడపడుచులు అడుగుతాండారు... ఏమప్పా, చీటీకి ఇన్ని బొక్కలేమి? ఎలకలు రాసినాయా?"

జనం గొల్లుమన్నారు. నాయన ఆ అట్టను తీసుకొని ఎండకెత్తి, బొక్కల్లోంచి చూసినాడు. చూసినోడు గిటారు పక్కన పెట్టి మైకు కాడికి వచ్చినాడు. ఆయప్ప మైకులో మాట్లాడింది నేను పుట్టినాక చూడలా.

"ఇది నా అట్ట" అన్నాడు.

అట్టను జనం వైపు తిప్పి పట్టుకున్నాడు.

"పదకొండో నంబరు. నెమలి మెడ. రేపు వరసగా కుట్టి, మగ్గానికి ఎక్కించాల్సిన కొత్త అట్టలు ఇవి. పెండ్లి చీరవి. ఒక్కటి పోయినా నెమలికి తల రాదు. ఎవరి చేతిలో ఉన్నా ఈడికి తెచ్చీండి, మీకు పుణ్యముంటాది."

అక్క నా జడ పట్టుకుంది. "ఓయమ్మో, కొత్తవి తీసుకొచ్చినావు గదమ్మే! మేస్త్రీ నిన్ను మగ్గానికే కట్టి నేస్తాడు!"

జనం నగుతాండారు, లేస్తాండారు, కూర్చున్నోళ్ళ కింద వెతుకుతాండారు. విసురుకునేవాళ్ళు ఇంకో రెండుసార్లు విసురుకొని ఇచ్చినారు. పెద్దాయన తెలివైనోడు, మైకు వదల్లా. "తెచ్చినోళ్ళ అట్ట మీదుండే పాట వాయించే పంపుతాము. ఇది కొట్టుడు బిట్టు. ఇది కొట్టుడు బిట్టు. ఇదీ అదే. ఏమప్పా, రామగిరి, తలుపుల, కదిరి, అన్ని ఊర్లూ ఒకే అయ్యవారి కాడ రాత నేర్చుకున్నాయే!"

నాయన తలెత్తి జనంలో వెతికి, నేరుగా నన్ను చూసినాడు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నా. రోంతసేపటికి కొంగు సందులోంచి చూస్తే, ఆయన నగుతాండాడు. పండ్లన్నీ కనపడేటట్ల, భుజాలు కదిలేటట్ల. అట్టలు నంబర్ల వరసలో పేర్చి స్పీకరు మీద పెట్టినాడు. నలభై వచ్చినాయి, వాటితో పాటు ఎవరిదో పెండ్లి పత్రిక కూడా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, గిటారు మెడకేసుకొని, డ్రమ్స్ ఆయన వైపు తల ఊపినాడు.

మొదట వేళ్ళు వెతుక్కున్నాయి. జనంలో ఇంకా నగువు ఉండాది, ఒకరిద్దరు "నెమలి మెడా" అని అరిచినారు. తర్వాత యాడో ఒక చోట తీగ దొరికింది. ఆ పైన నేను సరిగ్గా చెప్పలేను. మగ్గం మీద పోగు మోసే నాడె ఆ పక్క నుంచి ఈ పక్కకి ఎట్ల జారుతాదో, అట్ల జారింది ఆ చప్పుడు. అయిపోయినాక ముందరుండే ఆ ఈలల గుంపే "వన్స్ మోర్" అని గొంతు చించుకుంది.

దిగొచ్చేటప్పుడు యూత్ పెద్దమనిషి నాయన చెయ్యి పట్టుకొని, "చవితికి మీరేనన్నా. ఆ అట్టల కామెడీ కూడా పెట్టండి, అదిరింది" అన్నాడు. నాయన మొహం మళ్ళా మూసుకునింది.

ధర్మవరం బస్సులో అందరూ వాదులాటే. అట్టల వల్లే గెలిచినారని ఒకరు, పాత మొహాలు చూసి జనం జాలిపడినారని ఒకరు. నాయన నా పక్కన, అట్టల కట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. పెనుకొండ దాటినాక అడిగినాడు.

"నిజం చెప్పు పాపా. ఆ చప్పట్లు పాటకా, అట్టలకా?"

పాటకే అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పొద్దు చేసిన దొంగపని చాలనిపించింది.

"మొదటి పాట బాగలేదు నాయనా. రెండోదీ బాగలేదు. బిట్టు మొదలైనప్పుడు అట్టలకే నగినారు. నడిమిట్లో మటుకు ఎవరూ నగలా. అక్క కూడా నోరు మూసుకునింది."

వెనక సీటు నుంచి అక్క లేచింది. "నేను యాడ మూసుకున్నా?"

"మూసుకున్నావక్కా. గుప్పిట్లో బొరుగులు నోటికాడ పెట్టుకొని, తినకుండా అట్లే ఉండిపోయినావు. బిట్టు అయినాక తిన్నావు. నేను చూసినా."

అక్క నోరు తెరిచింది, మూసింది. "అవున్లే" అని కూర్చుంది.

అక్క నోటి సంగతి నాయనకి కూడా తెలుసు. కిటికీలోంచి చూస్తా, ఒడిలోని అట్టల మీద వేళ్ళు ఆడిస్తా కూర్చున్నాడు. బస్సు ఊర్లోకి వచ్చేటప్పుడు అన్నాడు. "ఆ యూత్ వాళ్ళకి చెప్పాల, కామెడీ చెయ్యము, బిట్టు వాయిస్తామని. రేపట్నుంచి నన్ను ఐదింటికి లేపు. వేళ్ళు ఇంకా బండగుండాయి."

"ఐదింటికా!" అని అరిచింది అక్క. "అన్నా, మన రెండిండ్లకీ నడుమ గోడ ఒకటే!"

"అయితే ఆరింటికి" అన్నాడు మా నాయన, బస్సు దిగుతా.