ఆరో నంబర్ టేబుల్ పైన బొమ్మ

2022 వానాకాలంలో నన్ను మిర్యాలగూడ బ్రాంచి నుంచి కోదాడ బ్రాంచికి ఫ్లోర్ మేనేజర్‌గా వేశారు. మా సేటుకు మూడు హోటళ్లు. సూర్యాపేటలోది పాత టిఫిన్ల హోటలు. మిర్యాలగూడలోది బస్టాండు దగ్గరి భోజనాల హోటలు. కోదాడలోది హైవే మీద కొత్తగా కట్టిన ఏసీ రెస్టారెంటు, పద్నాలుగు టేబుళ్ల హాలు.

హోటల్ పనిలో క్లీనర్ నుంచి సప్లయర్, సప్లయర్ నుంచి కెప్టెన్, ఆ పైన ఫ్లోర్ మేనేజర్. సప్లయర్ వడ్డిస్తాడు. కెప్టెన్ ఆర్డర్ అడిగి, వంటింటికి చీటీ రాస్తాడు. ఆ చీటీ రాయడం రాక నేను పన్నెండేళ్లు సప్లయర్‌గానే ఉండిపోయాను. ముప్పై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్నాక కెప్టెన్‌నయ్యాను. ఫ్లోర్ మేనేజర్ పని మరొకటి. ఎవరిని ఏ టేబుల్ మీద కూర్చోబెట్టాలి, ఏ టేబుల్ ఎన్నిసార్లు తిరుగుతోంది అని చూడాలి. తిరగడమంటే ఒక కుటుంబం తిని లేచి ఇంకొకరు కూర్చోవడం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఒక్కో టేబుల్ మూడుసార్లు తిరగాలి. రెండుసార్లే తిరిగితే ఎందుకని సేటు అడుగుతాడు.

నేను చేరిన వారానికే బొమ్మల వ్యవహారం మొదలైంది. సేటు హాలు గోడలకు జలపాతాల ఫ్లెక్సీలు వేయిద్దామనుకున్నాడు. ఈలోగా ఆయన కూతురు చదివే స్కూల్లో డ్రాయింగ్ టీచరు సుధారాణి ఆయన్ని కలిసింది. ఆమెది కోదాడే, అమ్మమ్మగారి ఊరు నిడమనూరు. పదేళ్లుగా వేసిన బొమ్మలు ఇంట్లో మంచం కింద ఉన్నాయని, స్కూల్లో తనకిచ్చే పని ఆటల పోటీలకు ముగ్గుపిండితో గీతలు గీయడమేనని, ఒక్కసారి నలుగురు చూసేచోట పెట్టనిమ్మని అడిగింది.

సేటు లెక్క సేటుది. నెల రోజులు పెట్టి చూస్తానన్నాడు. కస్టమర్లకు నచ్చితే మూడు హోటళ్లకూ ఆమెతోనే వేయిస్తాడు. నచ్చకపోతే బొమ్మలు ఇంటికి, గోడకు జలపాతం. ఇంకో షరతు కూడా పెట్టాడు. నువ్వు ఎదురుగా ఉంటే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి ఈ నెల రోజులూ హోటల్‌కు రావొద్దన్నాడు. ఆమె ఒప్పుకుంది.

బొమ్మలు ఏడు. వరి నాట్లు, సాగర్ ఎడమ కాలువ గేట్లు, పిల్లలమర్రి గుడిలో రాతి నంది, కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు, మిల్లు ముందు బస్తాల వరుస, బతుకమ్మ, తెల్ల తలపాగా చుట్టిన ఒక ముసలాయన ముఖం. నేనే దగ్గరుండి తగిలించాను. హోటల్లో బొమ్మ పెట్టడానికీ ఒక పద్ధతి ఉంది. కూర్చున్నవాడి కంటికి అందాలి, ఏసీ నీళ్లు పడకూడదు, వంటింటి తలుపుకు దూరంగా ఉండాలి, లేకపోతే నూనె ఆవిరికి ఏడాదిలో జిడ్డు పడుతుంది. ముసలాయన బొమ్మ అన్నింటిలోకి బాగుంది. అందుకని వెలుతురు బాగా పడే ఆరో నంబర్ టేబుల్ పైన పెట్టించాను.

ఇక డ్యూటీ చార్టు సంగతి. చేరిన రోజే అది నా చేత్తో రాశాను. మొదటి పని ఇది: తెరిచే ముందు హాల్లోని పటాలన్నీ తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, అగరుబత్తి చూపాలి. అప్పుడు హాల్లో ఉన్నవి నాలుగే పటాలు. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, వినాయకుడు, సేటుగారి పోయిన తండ్రి. ఆ పని హౌస్‌కీపింగ్ మంగమ్మది. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ఒక్క రోజు తప్పని మనిషి.

బొమ్మలు తగిలించిన మర్నాడు ఆమె ముందు పదకొండు పటాలు కనిపించాయి. పాపం, ఆలోచించే చేసింది. నాట్లకు, కాలువకు, మిరపకాయలకు, బస్తాలకు గుడ్డ పెట్టి తుడిచి వదిలేసింది. నందికి బొట్టు పెట్టింది. బతుకమ్మకు ఒక బంతిపువ్వు పెట్టింది. ముసలాయన దగ్గరకు వచ్చాక, హోటల్ గోడకు ఫ్రేము కట్టించి పెట్టారంటే పోయినాయనే కదా అనుకుంది. సేటు తండ్రికి వేసినట్టే గంధపు చెక్క దండ వేసి, బొట్టు పెట్టి, అగరుబత్తి ముట్టించింది.

నేను పది గంటలకు వచ్చి చూశాను. సేటు బంధువెవరో, దండ సేటే వేయించి ఉంటాడు అనుకున్నాను. మూడో రోజు సేటు వచ్చి చూశాడు. టీచరు తండ్రి అనుకున్నాడు. ఇద్దరం దాని కింద నిలబడి దండం పెట్టాం. సేటు పెట్టాడు కదా అని నేను పెట్టాను. నేను చేతులెత్తబట్టే తను ఎత్తానని ఆయన ఇప్పటికీ అంటాడు. ఎవరీయన, ఎప్పుడు పోయాడు అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. కానీ చుట్టూ జనం అన్నం తింటుంటే చావు కబురు ఎలా అడుగుతాం.

వారం గడిచేసరికి ఆరో నంబర్ తిరగడం మానేసింది. కుటుంబాలు వచ్చేవి, కూర్చోబోయేవి, పైకి చూసి ఆగేవి. "ఏవండీ, మాకా పక్క టేబులిప్పించండి, పిల్లలున్నారు" అనేవారు. పిల్లలకూ టేబుల్‌కూ సంబంధమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. గాలి తగలడం లేదేమోనని ఏసీ మెకానిక్‌ను పిలిపించాను. అతను గంట సేపు చూసి బాగానే ఉందన్నాడు. మళ్లీ పిలిపిస్తే మళ్లీ అదే అన్నాడు. కుర్చీలు మార్చాను. టేబుల్ అద్దం మార్చాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక టేబుల్‌కు అంత సేవ ఎప్పుడూ చేయలేదు. అయినా ఎవరూ కూర్చోలేదు. చివరికి ఇరవయ్యో రోజున సేటుకు రిపోర్టు రాశాను. ఆరో నంబర్ పడుకుంది, బొమ్మలు పెట్టినప్పటి నుంచే ఇలా ఉంది, బొమ్మలు జనానికి నచ్చలేదు అని.

అది చదివి సేటు సూర్యాపేట ప్రెస్సులో జలపాతాలకు ఆర్డర్ ఇచ్చేశాడు. నెలాఖరు ఆదివారం వచ్చి బొమ్మలు తీసుకుపొమ్మని టీచరుకు కబురు చేశాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. ఏ బొమ్మ నచ్చలేదన్నారు, ఎందుకు నచ్చలేదన్నారు అని అడిగింది. జనం తినడానికి వస్తారమ్మా, చూడటానికి రారు అని నిర్మొహమాటంగా చెప్పాను. ఈ అవకాశం మళ్లీ ఎవరిస్తారు సార్ అని మాత్రం అంది.

ఆ ఆదివారం ఒంటిగంటకు హాలు నిండా జనం. బయట ఇంకో నాలుగు కుటుంబాలు. తలుపు తీసుకొని తెల్ల తలపాగా ముసలాయన ఒకరు, వెనకాల ఇంకొకరు వచ్చారు.

"ఈడ మేనేజర్ ఎవరు?" అన్నాడు ముసలాయన.

"నేనే. ఎందరున్నరు?" అన్నాను. తలుపు తీసిన ప్రతివాణ్నీ నేనడిగే మొదటి మాట అదే.

"ఇద్దరం. గోడ మీద ఒగణ్ని, కింద ఒగణ్ని."

నేను ఆయన్ని చూశాను, గోడను చూశాను. అదే ముక్కు, అదే తలపాగా. ఒక్క దండే తేడా.

ఆయన పేరు సైదులు. నిడమనూరు మనిషి, మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ మేస్త్రీ, అంటే బస్తాలు మోసే ముఠాకు పెద్ద. టీచరు అమ్మమ్మ ఇంటి పక్క ఇల్లు. ఆయన్ని కూర్చోబెట్టి బొమ్మ వేసింది. హోటల్లో పెడతానని చెబితే పెట్టుకొమ్మన్నాడు. ముందు రోజు నిడమనూరు వాళ్లెవరో విజయవాడ పోతూ మా దగ్గర భోజనానికి ఆగారు. దండ చూసి ఊరికి ఫోన్ కొట్టారు. ఊళ్లోవాళ్లు ఇంటికి పోయి చూడకుండానే, హాలియాలో ఉన్న సైదులు బావమరిదికి పోయింది ఫోను. ఆయన ఆడవాళ్లను ఆటో ఎక్కించుకొని, పోయినాయన మీద కప్పడానికి కొత్త తువ్వాల పట్టుకొని వచ్చేశాడు. ఆటో ఆగేసరికి సైదులు వాకిట్లో కూర్చొని జావ తాగుతున్నాడట. వెనకాల నిలబడిన రెండో మనిషి ఆ బావమరిదే.

"ఏడుసుకుంట దిగిండ్రు. నన్ను సూసి ఇంకింత ఏడ్సిండ్రు" అన్నాడు సైదులు. "తెచ్చిన తువ్వాల వాపస్ ఎందుకు పంపాలె? నేనే ఏసుకొనొచ్చిన." భుజం మీది తువ్వాల చూపించాడు. మడత కూడా పోలేదు.

ఈ మాటలకు మంగమ్మ గిన్నెలు కడిగే చోటి నుంచి వచ్చింది. ఆయన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాళ్లు మొక్కబోతే ఆయన వద్దన్నాడు.

"నెల సంది రోజూ అగరుబత్తి ముట్టిచ్చిన తాతా. ఒక్క రోజు తప్పలే" అంది.

"గందుకేనా బిడ్డా, నెల సంది నా దగ్గు తగ్గుతలే."

పక్క టేబుళ్ల వాళ్లు తినడం ఆపారు. సరిగ్గా అప్పుడే సేటు వచ్చాడు. బొమ్మలు తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకొని టీచరు కూడా వచ్చింది. దండ చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. సేటు గోడను, సైదులును రెండుసార్లు చూసి నా వైపు తిరిగాడు.

"నర్సన్నా, ఆ దండ ఎవరేయించిండ్రు?"

"మీరే అనుకున్న."

"నేనెందుకేయిస్త? టీచరమ్మ నాయిన అనుకున్న."

"మా నాన్న బయట ఆటో దగ్గరున్నాడు సార్" అంది టీచరు.

సేటుకు కోపం వచ్చింది. బతికున్న మనిషికి దండ వేసిన హోటలని పేరొస్తే ఇగ ఎవరు తింటారని, ఏడు బొమ్మలూ ఇప్పుడే దించమన్నాడు. సప్లయర్లు స్టూలు తెచ్చారు. టీచరు సంచిలోంచి పాత దుప్పట్లు తీసింది, బొమ్మలు చుట్టడానికి.

సైదులు స్టూలు మీద చెయ్యి వేశాడు. "దించుతె నేనొప్పుకోను సేటు. నిన్న సూసినోళ్లు రేపొస్తరు. గోడ ఖాళీగుంటె, దినాలు గూడ అయిపోయినయనుకుంటరు. దండ తీయుండ్రి. బొమ్మ గాడనే ఉండాలె."

సేటు ఆలోచనలో పడ్డాడు. ఊళ్లో మాట సంగతి సరే, మరి ఆరో నంబర్ సంగతేమిటన్నాడు. దాని కింద ఎవరూ కూర్చోవడం లేదని రిపోర్టు ఉంది కదా అన్నాడు. నా రిపోర్టు నాకే అడ్డం వచ్చింది. పోయినాయన పటం కింద పిల్లలను కూర్చోబెట్టుకొని ఎవరైనా అన్నం తింటారా? అంత చిన్న విషయం నాకు అప్పుడు వెలిగింది. నా కింద పనిచేసే వాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. అయినా చెప్పక తప్పలేదు.

"సేటు, రిపోర్టు తప్పు. జనం పోయింది బొమ్మల వల్ల కాదు, దండ వల్ల. మంగమ్మది తప్పు లేదు, చార్టుల పటాలన్నీ అని రాసింది నేను. టీచరమ్మకు నెల ఇస్తమన్నం, ఇయ్యలే. దండ ఏలాడిన నెల లెక్కల రాదు."

సేటు కాసేపు మీసం దువ్వుకున్నాడు. స్టూలు మీదికి మంగమ్మను ఎక్కమన్నాడు. వేసిన చేత్తోనే ఆమె దండ తీసింది. తడిగుడ్డతో బొట్టు తుడిస్తే రంగుకు పట్టిన ఎరుపు పూర్తిగా పోలేదు. టీచరు ఇంటికి తీసుకుపోయి సరిచేస్తానంది. ఉండనియ్యి, బొట్టు బతికున్నోళ్లు గూడ పెట్టుకుంటరు అన్నాడు సైదులు.

ఇద్దరినీ ఆరో నంబర్ మీదే కూర్చోబెట్టాను. భోజనం అయ్యేలోపు హాల్లో సగం మంది లేచి వచ్చి మనిషిని, బొమ్మను పక్కపక్కన చూసిపోయారు. పిల్లలున్నారని పక్క టేబుల్ అడిగిన వాళ్లే ఆ పిల్లలను ఆయన పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ముక్కు జర పెద్దగ పెట్టిందని సైదులు అందరికీ చెప్పాడు. అందరూ లేదు, సరిగ్గానే ఉందన్నారు. ఆ రోజు కూడా ఆరో నంబర్ తిరగలేదు. మూడింటి దాకా ఆయన లేవలేదు. మర్నాటి నుంచి మూడుసార్లు తిరిగింది.

సేటు ఇంకో నెల ఇచ్చాడు. బొమ్మ కింద పేరు రాసిన చిన్న అట్టముక్క పెడతానని మొదటి రోజే టీచరు అడిగిందట, గోడకు వేసిన కొత్త రంగు మీద కాగితాలు అంటించొద్దని నేనే అన్నానట. నాకు గుర్తు లేదు, అని ఉంటాను. ఈసారి అన్నింటికీ పెట్టింది. ముసలాయన కింద ఇలా రాసింది: సైదులు, హమాలీ మేస్త్రీ, నిడమనూరు. ఇప్పుడూ పనిలో ఉన్నారు. సైదులుకు నేను చదివి వినిపిస్తే, ఆరోగ్యంగా అని కూడా కలపమన్నాడు. కలిపింది.

రెండో నెల అయ్యాక కోదాడ బొమ్మలు అలాగే ఉండిపోయాయి. మిర్యాలగూడ బ్రాంచికి ఆమెతో తొమ్మిది వేయించారు. సూర్యాపేటలో మాత్రం జలపాతమే. ప్రెస్సు వాడు అప్పటికే కొట్టేశాడు. మిర్యాలగూడకు మంగమ్మ బొమ్మ కూడా వేస్తానని టీచరు అడిగింది. నన్ను గోడకెక్కియ్యకుండ్రి అమ్మా, నేనింకా కొన్నేళ్లు బతకాలె అని మంగమ్మ వంటింట్లోకి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

డ్యూటీ చార్టులో పటాలన్నీ అనే మాట కొట్టేసి నాలుగు పేర్లు రాశాను. రెండేళ్ల తర్వాత రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే. హాల్లో ఎవరు చేయించారో తెలియని పని కనిపిస్తే, మన పైవాళ్లెవరో చేయించి ఉంటారని ఊరుకోవద్దు, ఆ పూటే అడగాలి. నేను ఇరవై తొమ్మిది రోజులు అడగలేదు, ఏసీ మెకానిక్‌ను మాత్రం రెండుసార్లు పిలిపించాను.