చివర్న వచ్చే ‘కాదు’

బిస్కెట్ల ఫ్యాక్టరీ ఫిట్టరుకి ఒక జబ్బుంది. ఎదుటివాళ్ల మాట తానే పూర్తి చేస్తాడు. భార్య “ఏమండీ, ఉప్పు...” అనగానే “అయిపోయిందా? తెస్తాలే” అంటాడు. ఆవిడ అడగబోయింది కూరలో ఉప్పు ఎక్కువైందా అని. ఆ తొందరతోనే, ప్యాకింగ్ హాల్లో మిషన్లన్నీ జపాన్‌వి కదా అని, ఫోన్‌లో పాఠాలు వింటూ కొన్నేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాడు.

ఒక మిషన్లో కవరు రోలు పదేపదే చిరుగుతోందని కంపెనీ జపాన్ ఇంజనీరును పిలిపించింది. దుబాసీని పెట్టుకోవాలా వద్దా తేల్చుకోవడానికి మేనేజరు ఫిట్టరును అడిగాడు.

“నీకు ఆ భాష ఏమాత్రం వచ్చు? కొంచెమా, బాగానా?”

“ధారాళంగా వచ్చండీ.”

నోరు దాటాక ఆ మాట తనకే పెద్దదిగా వినిపించింది. అప్పటికే అది హాలంతా పాకిపోయింది.

“ధారాళం గారూ, టీ ధారాళంగా పొయ్యమంటారా?” అన్నారెవరో.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఆ మిషను నడిపే ఆపరేటరు, ఫిట్టరు భార్యకు తమ్ముడు. “మా బావ ఇంట్లోనే ఎవర్నీ మాట్లాడనివ్వడు. ఇక జపానాయనకి ఛాన్సెక్కడిది!”

అతన్ని పనిలో పెట్టించింది ఫిట్టరే. రోలు చిరిగిన నేరం ఇప్పుడు అతని మెడకే చుట్టుకుంటోంది. తప్పు అతనిదని తేలితే మిషను మీంచి దించి లోడింగుకి పంపిస్తానని మేనేజరు చెప్పేశాడు. లోడింగంటే పెట్టెలు మొయ్యాలి. బావమరిది నడుం ఆపరేషనైన మనిషి.

రెండ్రోజులకి ఇంజనీరు వచ్చి మిషను విప్పాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. లేచి నిలబడి, చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఫిట్టరు చెవికి రెండు మాటలు తగిలాయి: ఆపరేటరు, తప్పు. ఇంకేం కావాలి?

“ఆపరేటర్‌దే తప్పంటున్నారండీ” అనేశాడు.

ఇంజనీరు ఊపిరి పీల్చుకుని తన వాక్యం ముగించాడు. “...కాదు.”

మన భాషలోలాగే ఆ భాషలోనూ కాదన్న మాట చివర్నే వస్తుంది. అది ఫిట్టరు చెవిన పడింది. అర్థమూ అయింది. మేనేజరు అప్పటికే బావమరిది వైపు తిరిగి గుమ్మం చూపిస్తున్నాడు. “ఆగండి, కాదంటున్నారు” అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ హాలంతా తననే చూస్తోంది. ధారాళం గారు ఎప్పుడు నాలుక కరుచుకుంటారా అని అందరూ కాచుకుని ఉన్నారు. ఫిట్టరు నోరు విప్పలేదు.

భోజనాలయ్యాక ఇంజనీరు ఆపరేటరు కోసం వెతికాడు. లోడింగులో కనిపించాడు, భుజాన పెట్టె, నడుం మీద చెయ్యి. ఇంజనీరు గబగబా వెళ్లి మేనేజరును లాక్కొచ్చాడు. మిషన్లోంచి తీసిన, అరిగిపోయిన రోలరును మేనేజరు అరచేతిలో పెట్టి దాన్ని వేలితో పొడిచాడు. ఆపరేటరును చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. దీనికి దుబాసీ అక్కర్లేకపోయింది.

మేనేజరు ఫిట్టరు వైపు తిరిగాడు. “ఏమయ్యా, ధారాళంగా అన్నావు?”

“కొంచెమేనండీ వచ్చు” అన్నాడు ఫిట్టరు, తల వంచుకుని. “సగమే అర్థమైంది. చివరిది అందలేదు.”

అందరూ ఫక్కున నవ్వారు. ఎవరో భుజం తట్టారు కూడా. ఫిట్టరు ఆ నవ్వుల చాటుకి వెళ్లి దాక్కున్నాడు. మొన్న ఉన్నదానికంటే ఎక్కువ చెప్పాడు, ఇవాళ ఉన్నదానికంటే తక్కువ చెప్పాడు. మొన్నటిది గొప్పలకు పోవడం. ఇవాళ్టిదానికి ఏం పేరు పెట్టాలో అతనికి ఏ భాషలోనూ తోచలేదు.

సాయంత్రం బస్సులో బావమరిది నడుం వెనక సంచీ దోపుకుని పక్కన కూర్చున్నాడు.

“అలా మొహం వేలాడేసుకోకు బావా. రాని మాటకి నువ్వేం చేస్తావు? నీ సంగతి నాకు తెలీదా? అదే నీకు అర్థమై ఉంటే...”

బస్సు గతుకులో పడింది. బావమరిది అమ్మా అని నడుం పట్టుకున్నాడు. మాట అక్కడే ఆగిపోయింది.

అది ఎలా ముగుస్తుందో ఫిట్టరుకి తెలుసు. పూర్తి చెయ్యకుండా కిటికీ వైపు తిరిగాడు.