విప్పిన వరస

ఏలూరు తంగెళ్ళమూడిలో, మా వెనక వీధిలో, షంషున్నీసా ఇంటి ముందుగదిలో సగం తివాచీ మగ్గానికే పోయింది. మగ్గం ముందు బల్ల మీద ఇద్దరు కూర్చుని ముళ్ళు వేస్తారు. మూడో మనిషి గళ్ళ కాగితం చూసి రంగులు చదువుతుంది. ఎరుపు రెండు, నీలం ఒకటి, మళ్ళీ ఎరుపు. చదివే గొంతు ఆగదు. చేతులే దానితో నడవాలి.

ఆమె కూతురు రేష్మా బడి నుంచి రాగానే ఆ బల్ల ఎక్కేది. గొంతు ముందుకు పోతే అందుకోవాలని గబగబా ముళ్ళు వేసేసి, తప్పు పడిన చోట ఊలు దువ్వి కప్పేసేది. తల్లి వేలితో తడిమి పట్టేసేది. ఒక్క మాట అనకుండా వరస మొత్తం విప్పించేది. దానికన్నా తిట్లే నయమనిపించేదట ఆ పిల్లకి.

రేష్మా ఇప్పుడు విమానం నడుపుతోంది. కో-పైలట్‌గా ఖాయం చేసే ముందు ఒక పరీక్ష ఉంటుంది. సీనియర్ కెప్టెన్ పక్కన కూర్చుని చూస్తుండగా, ప్రయాణికులున్న విమానాన్ని దింపాలి. మొదటిసారి ఆమె తప్పింది. రెండోసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఉండదు.

తప్పడానికి కారణం మళ్ళీ ఒక గొంతే. నేల దగ్గరవుతుంటే కాక్‌పిట్‌లో యంత్రం ఎత్తును అడుగుల్లో చదువుతుంది: యాభై, నలభై, ముప్పై. ఇరవై దగ్గర ‘రిటార్డ్’ అంటుంది, ఇంజన్ల జోరు తగ్గించే మీటలు వెనక్కి లాగమని. అది గుర్తుచేయడం మాత్రమే. ముక్కు ఎప్పుడు ఎత్తాలో, మీటలు ఎప్పుడు లాగాలో పైలట్ రన్‌వే కేసి చూసి తేల్చుకోవాలి. రేష్మా ప్రతి అంకెకీ ఒక చేతిపని ముడిపెట్టుకుంది. ఆ రోజు విమానం వేగంగా దిగుతోంది, అంకెలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఆమె చేతులు వాటి వెనక పరిగెత్తాయి. చక్రాలు దబ్బున తగిలాయి.

పరీక్షించిన కెప్టెన్ శేషగిరిరావుది తాడేపల్లిగూడెం. మందలించేటప్పుడు కూడా ‘అండీ’ వదలని మనిషి.

“ఆ గొంతాయన చదువుతాడండీ, దింపేది మీరు. ఆయనకి జీతం కూడా లేదు” అన్నాడట. అంకెలకన్నా వాటి మధ్య ఎడం వినమన్నాడు. దగ్గర దగ్గరగా వస్తే పడిపోతున్నట్టు, దూరం దూరంగా వస్తే తేలిపోతున్నట్టు.

రెండో పరీక్ష గన్నవరంలో దిగేటప్పుడు పెట్టాడు. మధ్యాహ్నం, కొల్లేరు చేపల చెరువులు అద్దం ముక్కల్లా కింద మెరుస్తున్నాయి. రన్‌వే మొదలు దాటుతుండగా వెనక నుంచి గాలి తోసింది. ముప్పై అంది గొంతు. ఇరవై ఆలస్యంగా వచ్చింది. రేష్మా మీటలు లాగింది. పది రాలేదు. విమానం తేలుతూ పోతోంది, కింద రన్‌వే తరిగిపోతోంది. ముక్కు కాస్త కిందికి నొక్కితే చక్రాలు ఎలాగోలా తగిలేవి.

రేష్మా “గో అరౌండ్” అని మీటలు ముందుకు తోసి విమానాన్ని పైకి లేపేసింది.

మళ్ళీ కొల్లేరు మీదుగా చుట్టి వచ్చి దిగడానికి చాలాసేపు పట్టింది. ఈసారి చక్రాలు తగిలిన సంగతి తెలియనే లేదు. ఆమెకి మాత్రం పరీక్ష పోయిందనే అనిపించింది. తలుపు దగ్గర ఒక పెద్దాయన, కొల్లేరు రెండోసారి చూపించినందుకు టికెట్ మీద ఇంకేమైనా వేస్తారా అండీ, అని నవ్వుతూ దిగిపోయాడు.

అందరూ దిగాక శేషగిరిరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“ఇంకో క్షణం చూసి నేనే చెబుదామనుకున్నానండీ. మీరు ఆ పని పెట్టలేదు. రెండోది బాగానే దింపారు. నేను పాస్ చేస్తున్నది మొదటిది దింపనందుకు.”

ఆ వారం రేష్మా సెలవు మీద వచ్చి తల్లికి ఇదంతా చెప్పింది. షంషున్నీసా చేతిలో ముడి పూర్తి చేసింది.

“విప్పమని ఆ గొంతు చెప్పిందా?”

“లేదమ్మీ. దానికి చదవడమే వచ్చు.”

షంషున్నీసా బల్ల మీద కాస్త పక్కకి జరిగింది. రేష్మా చెప్పులు గుమ్మం దగ్గర వదిలి వచ్చి కూర్చుంది. రంగులు చదివే ఆవిడ ఎక్కడ ఆగిందో వెతుక్కుని, మళ్ళీ మొదలుపెట్టింది.