జొన్నల కాగులో వెన్నపండు

చేవెళ్ల దగ్గరి మా ఊరి నుంచి అజీజ్‌నగర్‌కు కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. మా మామ ఒక దొర తోటకు మాలి. మా ఇల్లూ ఆ తోటలోనే. దొర పట్నంలో పెద్ద ఉద్యోగి. శుక్రవారం జుమ్మా సెలవునాడు మోటారులో వచ్చి, పొద్దుగూకకముందే వెళ్లిపోయేవాడు. ఆయన ముందుకు ఆడవాళ్లం వెళ్లేవాళ్లం కాదు. మామ ఎదుట కూడా నేను కొంగు సవరించుకొని పక్కకు తప్పుకోవడమే గాని నోరు విప్పింది లేదు.

బావి పక్కన ఒక చెట్టు ఉండేది. దొర బెంగళూరు నుంచి మొక్క తెప్పించి నాటించాడట. ఆ ఏడే మొదటిసారి కాసింది. సొరపిందెల్లాంటి పచ్చని కాయలు, ఇరవైమూడు.

"వెన్నపండు అంటరు మాలీ. తీపి ఉండదు, పులుపు ఉండదు. లోపల అచ్చం వెన్నే. పండినంక తెంపు" అని దొర చెప్పాడు.

రెండు నెలలు చూశారు. కాయలు ఊరాయి గాని పండలేదు. గోటితో గిచ్చితే రాయి. దొర వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ తడిమి, లెక్కపెట్టుకొని పోయేవాడు.

ఒక బేస్తవారం నేను పొయ్యిలోకి ఎండుపుల్లల కోసం పక్కనున్న తుమ్మకొమ్మను కొక్కెంకర్రతో గుంజాను. కర్ర జారి వెన్నచెట్టుకు తగిలింది. ఒక కాయ దబ్బున నా కాళ్ల దగ్గర పడింది. కాయను కొంగులో చుట్టుకొని ఇంట్లోకి ఉరికి, జొన్నల కాగు అడుగున పూడ్చేశాను.

మర్నాడు దొర లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఒకటి తక్కువున్నది మాలీ."

"నేను ముట్టలే దొరా. నా బిడ్డల మీద ఒట్టు."

"పండిన ఒక్కదాన్ని నువ్వే తిన్నవు. వచ్చే జుమ్మాకు దోస్తులను తోలుకొస్తున్న. పండు చూపియ్యకపోతే సామాను సర్దుకో."

మామ ఆ పూట జొన్నగటక ముట్టలేదు. వారమంతా ఆ చెట్టు చుట్టే తిరిగాడు. నీళ్లు తగ్గించాడు, కాయలకు గడ్డి చుట్టాడు. నేనేమో అత్త కన్నా ముందు లేచి జొన్నలు తీసేదాన్ని. కాగులో గింజ రోజురోజుకూ దిగిపోతున్నది.

"ఏంది పిల్లా, రోజూ నువ్వే ఉరుకుతున్నవు?" అని అత్త ఒకసారి అడిగింది. నేను మాట దాటేశాను.

మళ్లీ బేస్తవారం తెల్లారి, జొన్నల్లో నా వేళ్లకు కాయ మెత్తగా తగిలింది. కుళ్లిపోయిందనుకున్నాను. బయటికి తీసి వాసన చూస్తే కుళ్లు వాసన లేదు. నొక్కితే మాగిన మామిడిలా సొట్టపడింది. ఇక దాచలేక అత్తకు చూపించి అంతా చెప్పాను. అత్త చెయ్యెత్తింది. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇది చెట్టు మీద పండది అత్తా. తెంపి మాగబెడితేనే పండుతది."

అత్త వెళ్లి మామతో చెప్పింది. తడికె వెనక నుంచి ఆయన గొంతు విన్నాను.

"ఇప్పుడు తెంపి మాగబెడితే రేపటికెట్ల పండుతది? ఇది చూపిస్తే, దొంగిలించి కథ చెప్తున్నవంటడు. నేను చూపియ్య."

జుమ్మానాడు మోటారు వచ్చింది. దొరతో ఇద్దరు దిగారు. మామ రుమాలు చేతిలో పట్టుకొని తల దించుకొని నిలబడ్డాడు. మా చెంబులు, బొంతలు అప్పటికే మూటకట్టి ఉన్నాయి. నేను పళ్లెంలో పండు పెట్టుకొని నడిచాను.

"కాయ నేను రాలగొట్టిన దొరా. భయానికి జొన్నల్ల దాచిన. మా మామకు తెల్వదు."

"లోపలికి నడువ్!" అని మామ అరిచాడు.

దొర చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. జేబులోంచి చిన్న చాకు తీసి పండును రెండు చెక్కలు చేశాడు. లోపల పసుపుపచ్చని ముద్ద, మధ్యలో గోళీలా గుండ్రని పెద్ద గింజ. ఉప్పు తెమ్మన్నాడు. ముగ్గురూ తిన్నారు.

"అన్నీ తెంపు మాలీ" అన్నాడు దొర.

అంతే. మామ మీద వేసిన నింద గురించి ఒక్క మాట లేదు.

తొక్కకు అంటిన గుజ్జు అత్త నాలుకకు రాసుకొని ఉమ్మేసింది. నేను తిన్నాను. ఆ జిడ్డు సాయంత్రం దాకా అంగిట్లోనే ఉన్నది.

దొర ముందుకు పోయినందుకు మామ నెలరోజులు నా వైపు చూడలేదు. ఆ తర్వాతి ఏడు కాయలు ఊరినప్పుడు మాత్రం ఒకటి తెచ్చి గడప మీద పెట్టి, అత్తతో అన్నాడు: "కోడలిని అడుగు, మిగతావి తెంపచ్చునా అని."