పెద్దత్తమ్మ వాకిట్లో పొట్టి పొయ్యి

మొన్న జనగామలో మా బిడ్డ ఇంట్లో ఉండగా, మనవరాలి ఫోనుకు ఒక పెండ్లి పిలుపు వచ్చింది. పెండ్లి మహబూబాబాద్‌లో, మాకు దగ్గరి చుట్టాల ఇంట్లోనే. ఫోనులో సన్నాయి మోగింది, పూలు రాలాయి, పిల్లా పిలగాడి ఫొటోలు వచ్చాయి, అంతటితో మమ్మల్ని పిలవడం అయిపోయింది. నాకు అది వింతగా తోచి ఇంకోసారి పెట్టమన్నాను గానీ, మనవరాలి ముఖం అప్పటికే చిన్నబోయింది. "నేను రాను అమ్మమ్మా. ఆడ అందరు ఏం చదువుతున్నవ్, ఏం చేస్తున్నవ్ అనుకుంట మీద పడతరు. నాకు గుండె దడదడ కొట్టుకుంటది, మాటనే రాదు" అన్నది. అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడింది. మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసు ఒకటి ఉందట, కొన్నాళ్లుగా ఆ పిల్ల తలుపు వేసుకొని ఫోనులో అది వింటున్నదట.

వంట నేర్పుతారని, కుట్టుపని నేర్పుతారని తెలుసు గానీ మాట్లాడడం కూడా నేర్పుతారా అని ఆశ్చర్యపోయి, వాళ్లు ఏం చెప్పారో చెప్పమని వెంటపడ్డాను. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలట, చిన్నగా నవ్వాలట, ముందు ఊపిరి గట్టిగా పీల్చుకోవాలట. "నీకేంది, బస్సు దిగేలోపు పక్కామె ఇంటి ముచ్చట్లన్ని తెలుసుకుంటవ్" అని నా మీదే విసుక్కున్నది. ఒకప్పుడు నన్ను మూగదని ఊరంతా అనుకున్నదంటే ఆ పిల్ల నమ్మలేదు. నా ఈడువాళ్లు మాత్రం నమ్ముతారు, ఎందుకంటే తలుపు చాటున పెరిగిన ఆడపిల్ల మన కాలంలో ఇంటికొకతె ఉండేది.

నేను పుట్టింది కేసముద్రంలో. మా బాపు మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. పంట చేతికొచ్చే రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో ధాన్యం తెచ్చిన రైతులు, కాంటా అయ్యేదాకా పొద్దు పోక, బాపు వెంట మా ఇంటికి వచ్చి నీళ్లు తాగి అరుగు మీద కూర్చునేవారు. గడపలో కొత్త చెప్పులు కనిపిస్తే చాలు, నేను వడ్ల గుమ్మి వెనక్కి పోయేదాన్ని. మనుషులంటే భయమే గానీ వాళ్ల ముచ్చట్లంటే మాత్రం ప్రాణం. ఎవరి ఎద్దు కుంటుతున్నదో, ఎవరి బావిలో ఊట ఎండిందో, ఏ ఊరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో అంతా గుమ్మి వెనుక నిలబడే విన్నాను, ఇప్పటికీ చెప్పగలను. బడిలో లేచి చదవమంటే ఏడుపు వచ్చేది, నాలుగో తరగతి తర్వాత ఇక పోలేదు. "దీని నోట్ల ముత్యాలున్నయా ఏంది, తెరిస్తె రాలిపోతయా" అని మా అవ్వ వచ్చినవాళ్లందరి ముందూ అనేది, దాంతో ఆ నోరు ఇంకా గట్టిగా మూసుకునేది.

అలాంటిదాన్ని చిట్యాల దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మా అత్తమ్మ పొట్టి మనిషి, పెద్ద నోరు, ఇంకా పెద్ద మనసు. మా దిక్కు శుభకార్యానికి పిలవడమంటే మీకు తెలిసిందే: ఇంటి ఆడమనిషి కుంకుమ భరిణె పట్టుకొని గడప గడపకూ పోయి, బొట్టు పెట్టి, ఏ కార్యమో ఎప్పుడో నోటితో చెప్పి, ఇంటిల్లిపాదీ రావాలని అనాలి. బొట్టు మాత్రమే పెడితే అది సగం పిలుపు, మాట మాత్రమే చెప్పినా సగమే. అత్తమ్మ వెంట నేను పోయినప్పుడు బొట్టు నాది, మాట ఆమెది, అలా ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసేవాళ్లం.

ఆడబిడ్డ పెండ్లి కుదిరింది. పిలుపులకు బయలుదేరాల్సిన ముందురోజే అత్తమ్మ పొలం ఒడ్డు మీద జారి, మడమ బెణికి మంచం పట్టింది. భరిణె నా చేతికి వచ్చింది. మొదటి గడప ఎక్కేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. బొట్టు పెట్టాను, దండం పెట్టాను, వచ్చేశాను. రెండో ఇంట్లోనూ అంతే, వీధి చివరి ఇంట్లోనూ అంతే. అమ్మయ్య, అయిపోయిందనుకొని ఇంటికి వచ్చి బోళ్లు తోముతుంటే, పొద్దు వాలకముందే వీధిలోని ఆడవాళ్లందరూ పట్టుచీరలు కట్టుకొని, పూలు పెట్టుకొని మా వాకిట్లోకి దిగారు. ఏ కార్యమో, ఏ రోజో నేను చెప్పనే లేదు గనక, బొట్టు అందింది ఈ పూటకేనని అనుకున్నారట. ఒకామె నేను నీళ్లోసుకున్నానేమో అనుకొని ఒళ్లో పోయడానికి బియ్యం కూడా తెచ్చింది. మంచం మీద కాలికి పసుపు పట్టీతో ఉన్న అత్తమ్మను చూసి, పక్కింటామె కొంగు అడ్డం పెట్టుకొని "ఏంది వదినా, కార్యం ఎవలది? నీ కాలుకు పెండ్లి చేస్తున్నవా?" అన్నది.

నేను గోడకు అతుక్కుపోయాను. అత్తమ్మ మాత్రం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "నా కోడలు బొట్టు తెచ్చింది, మాట నేను చెప్తున్న. బిడ్డ పెండ్లి వచ్చే వారం, అందరు రావాలె. ఇయ్యాల చాయ తాగి పోండ్రి" అని మంచం మీద నుంచే వీధి మొత్తాన్ని పిలిచేసింది.

కానీ టేకుమట్ల పిలుపు మంచం మీద నుంచి అయ్యేది కాదు. మా మామ, ఆయన అన్న ఒకప్పుడు టేకుమట్లలో ఒక్క ఇంట్లోనే ఉండేవారు. వాటాలు పంచుకున్నాక మా మామ ఇటు వచ్చారు. ఆడబిడ్డ పసితనమంతా ఆ అన్న భార్య, అంటే నాకు పెద్దత్తమ్మ, ఒళ్లోనే గడిచిందట. అయితే నా పెండ్లి హడావిడిలో అత్తమ్మ తాను పోలేక, అటు పోతున్న ఒక ఇరుగమ్మ చేత పెద్దత్తమ్మకు బొట్టు పంపింది. "నన్ను పిలువనీకి ఇంటి మనిషికి కాళ్లు లేవా" అని ఆమె రాలేదు, ఆ నాటి నుంచి రాకపోకలు బందయ్యాయి. ఇప్పుడు ఆడబిడ్డ పట్టు పట్టింది: పెద్దమ్మ చెయ్యి పడందే పసుపు దంచొద్దు, తాను పీట మీద కూర్చోదు. మగవాళ్లు పోతే అది బొట్టు పిలుపు కాదు, పెండ్లిపిల్ల తన పెండ్లికి తాను పిలవదు. మిగిలింది నేను.

అత్తమ్మ నా చేత మాటలన్నీ వల్లె వేయించి పంపింది. మా ఆయన తోడు వచ్చాడు గానీ, తనను చూస్తే పెద్దమ్మ తిట్లు మొదలుపెడుతుందని వీధి మొగదలలోనే ఆగిపోయాడు. పెద్దత్తమ్మ పొడుగు మనిషి, అరుగు మీద చాటలో కందులు చెరుగుతున్నది. తలెత్తి "ఎవలు?" అన్నది. వల్లె వేసినవన్నీ ఎగిరిపోయాయి. ఆమె మళ్లీ చెరుగుడు మొదలుపెట్టింది, నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు నా చూపు వాకిట్లో మూలకు పోయింది. ఒకే మట్టి దిమ్మె మీద రెండు పొయ్యిలు. ఒకటి బాగా ఎత్తు, పక్కది దానికంటే బెత్తెడు పొట్టి. ఎత్తు పొయ్యి నిండా మసి ఉన్నది. పొట్టిదానికి మసి లేదు, ఎర్రమట్టితో అలికి, పైన సన్నటి ముగ్గు వేసి ఉన్నది. పక్కపక్కనే ఉండి ఎందుకిలా ఉన్నాయో నాకు ఎంతకూ అర్థం కాలేదు.

"ఒకటి గంత ఎత్తుండి, ఒకటి గింత పొట్టిగ ఎందుకున్నది?"

అది నా గొంతేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. చాట ఆగింది.

"ఎవల పిల్లవే నువ్వు? వాకిట్లకొచ్చినోళ్లు నీళ్లడుగుతరు, నీడడుగుతరు. పొయ్యి సంగతి అడిగేటిదాన్ని నిన్నే చూసిన" అన్నది. మళ్లీ తానే చెప్పింది. "నాకొక తోడికోడలు ఉండె, పొట్టిది. నా పొయ్యి మీద ఎసరు దించబోయి చేతులు కాల్చుకునేది. దాన్ని పీట మీద కూసోవెట్టి, మోచెయ్యి కాడికి గీత గీసి, గా ఎత్తుకు కట్టిన."

"మసి లేదేంది మరి?"

"వండేటిది పోయింది గద."

"మరి ముగ్గెందుకు?"

ఆమె చాటను ఇంకోసారి ఎగరేసింది. ఇంతలో నాకు మా ఇంట్లో రోజూ చూసేది గుర్తొచ్చి, ఎవరినని కూడా చెప్పకుండానే అనేశాను: "మా అత్తమ్మ పీట మీద పీట ఏసుకొని వండుతది. ఎందుకో నేనెన్నడు అడగలే."

పెద్దత్తమ్మ నన్ను నిదానంగా, తల నుంచి కాళ్ల దాకా చూసింది. "ఇంకా గట్లనే వండుతున్నదా?" అన్నది. ఆ తర్వాత భయం ఎటు పోయిందో తెలియదు. మట్టిలో ఏం కలిపారు, పగుళ్లు రాకుండా ఎట్ల ఆరబెట్టారు అని నేను అడుగుతూనే ఉన్నాను, ఆమె చెబుతూనే ఉన్నది, వచ్చిన పని ఇద్దరం మరిచిపోయాం. ఎండ అరుగు మీదికి వచ్చాక ఆమే, "కొంగుల భరిణె మూటగట్టుకొచ్చి తీస్తలేవేంది?" అన్నది. బొట్టు పెట్టి, ఫలానా నాడు పసుపు దంచుతాం, నువ్వు రావాలె, ఇంటిల్లిపాది రావాలె అన్నాను.

"మీ అత్త నేర్పిన మాటలా గివి?"

"అత్తమ్మ చానా నేర్పింది పెద్దత్తమ్మా, అన్ని మర్చిపోయిన. గివి నావే."

ఆమె మూతి బిగించి నవ్వు ఆపుకొని, "సూద్దాం తియ్" అన్నది.

పసుపు దంచే రోజు రోలు కడిగి పెట్టారు, రోకళ్లకు కంకణాలు కట్టారు, ఆడబిడ్డ మాత్రం పీట వైపు చూడకుండా గడపలోనే నిలబడింది. ఎండెక్కింది, ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు, నన్ను నమ్మి పంపినందుకు అత్తమ్మ ఏమంటుందోనని నేను గడపకూ వీధికీ తిరుగుతున్నాను. అప్పుడు వచ్చింది పెద్దత్తమ్మ. ఎవరినీ పలకరించకుండా తిన్నగా వంటింట్లోకి పోయి, అక్కడి నుంచి కేకేసింది: "గీ పొయ్యి ఎవలు కట్టిన్రే? గింత ఎత్తుంటే నా చెల్లె ఎట్ల వండుతది?"

అత్తమ్మ కూడా మంచం మీద నుంచే కేకేసింది. "కట్టేటోళ్లు అలిగి కూసుంటె ఏం జెయ్యాలె అక్కా?"

ఆడబిడ్డ వచ్చి పీట మీద కూర్చున్నది.

తర్వాత మా ఆయన పనిని బట్టి భూపాలపల్లిలో కాపురం పెట్టాం. బొగ్గు బావుల దగ్గర పనికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఉండేవారు, మాట తీరు వేరు, తిండి వేరు. నేను ఏ గడప ఎక్కినా ముందు కంటికి వింతగా కనిపించిన దాని గురించి అడిగేదాన్ని, ఆ తర్వాత మాటల కోసం వెతుక్కునే పని ఉండేది కాదు.

ఇదంతా చెప్పేసరికి మనవరాలు ఎప్పుడు పక్కన పెట్టిందో గానీ, ఫోను బోర్లా పడి ఉన్నది. "ఆ పొట్టి పొయ్యి ఇంకా ఉన్నదా అమ్మమ్మా?" అన్నది. నాకు తెలియదు. అత్తమ్మ, పెద్దత్తమ్మ ఇద్దరూ పోయి చాలా కాలమైంది, ఇల్లు చేతులు మారింది, ఇప్పుడు ఆ వాకిట్లో ముగ్గు ఎవరు వేస్తున్నారో కూడా తెలియదు. ఈ రోజుల్లో ఏ ఇంటికి పోయినా వంటింటి గట్టు ఒకటే నల్లబండ, ఒకటే ఎత్తు. కొలవడానికి ఎవరి మోచెయ్యీ అక్కర్లేదు. మా బిడ్డకు వాళ్ల నాయనమ్మ పొట్టితనమే వచ్చింది. ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ గట్టు దగ్గర మునివేళ్ల మీద లేచి కుక్కర్ దించుతున్నది, ఇంటికి ఎందరో వచ్చి పోయారు గానీ ఎందుకట్ల నిలబడతున్నవని అడిగినవాళ్లు లేరు.

పెండ్లికి వస్తానని గానీ రానని గానీ మనవరాలు చెప్పలేదు. కుక్కర్ కూత పెట్టింది. ఆ పిల్ల తల తిప్పి, వంటింట్లో మునివేళ్ల మీద లేచిన వాళ్లమ్మ కాళ్ల వైపు చూసింది.