కళ్ళు మాత్రం భీమశంకరంగారివి

అమెరికాలో, అల్ఫారెట్టాలో ఉగాది వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకోనక్కర్లేదు. పైన్ చెట్ల పుప్పొడి రాలి ఊళ్ళో కార్లన్నీ పసుపు పూసిన గడపల్లా తయారవుతాయి. జయంతి కారు అందరి కార్లకన్నా పచ్చగా ఉంటుంది. ఆ నెలంతా గరాజ్‌లో కారుకి చోటుండదు మరి. అక్కడ తెలుగు సంఘంవారి స్టేజి తెర ఆరుతూ ఉంటుంది. ఒక ఏడు ఆమె తెరమీద మామిడిచెట్టు వేస్తే వీధిలో ఉడతలన్నీ కాయలకోసం ఎగబడి, ముక్కులు వాచి వెనక్కి వెళ్ళాయట. నమ్మనివాళ్ళు ఆ ఉడతల్నే అడగవచ్చు.

పగలు జయంతి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. అంటే ఇతరులు చేసిన తప్పులు వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం. సంఘంలో మాత్రం చాలా ఏళ్ళు ఒక్క తప్పూ ఎత్తిచూపలేదు. చూపదగ్గది తెర కిందే ఉండేది: "చిత్రకల్పన, భీమశంకరం."

భీమశంకరంగారు కల్చరల్ కమిటీ చైర్మన్. ఆయన కల్పనంతా వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్. "అమ్మా జయంతీ, ఈసారి సరస్వతీదేవి. కాస్త గ్రాండ్‌గా ఉండాలి. నెమలి మాత్రం మన తెలుగు నెమలిలా ఉండాలి సుమా." ఇంత శ్రమ పడ్డాక ఆయనకి నడుంనొప్పి కూడా వచ్చేది. జయంతికి శాలువా కప్పేవారు. కప్పడమంటే, ఆమె తెర వెనక మేకులు సరిచేస్తుంటే స్టేజిమీద ఆమె భర్త మోహన్‌కి కప్పేవారు. మోహన్ ఫోటో దిగి, "మాదేముందండీ" అనేవాడు. నిజంగానే అతనిదేమీ లేదు. ఆ శాలువాలన్నీ జయంతి గరాజ్ నేలమీద రంగు పడకుండా పరిచేది.

ఈ ఏడు సంఘం సొంత హాలు కట్టుకుంది. గోడమీద శాశ్వతంగా ఉండేలా కళామతల్లి చిత్రం కావాలన్నారు. కింద ఇత్తడి ఫలకం. ఫలకంమీద ఎవరి పేరుంటుందని జయంతి భీమశంకరంగారికి ఫోన్ చేసి అడిగింది.

"నీ పేరు మా అందరి గుండెల్లో ఉందమ్మా."

"గుండెల్లో ఉన్నది స్కాన్ తీస్తేగాని కనబడదు కదండీ. గోడమీద?"

"గోడమీద కమిటీ తరఫున నాది. ప్రోటోకాల్. నువ్వు మా ఇంటి ఆడపడుచువి, నీకు పేరెందుకు?"

జయంతికి ఒళ్ళు మండింది. వెయ్యనంటే, ఆయన ఎక్కడో ఫ్లెక్సీ ప్రింట్ చేయించి దానికిందా తన పేరే వేసుకుంటాడు. వేస్తే, తను పోయాక కూడా ఆ గోడ ఆయన పేరే చెబుతుంది.

కూతురు నైనిక స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంటికొచ్చి, వంటింట్లో కూర్చుని ఆర్ట్ హిస్టరీ పేపర్ రాస్తోంది.

"అమ్మా, సోఫోనిస్బా అని ఒక పెయింటర్. ఇటలీ, రినైసాన్స్ టైమ్. స్పెయిన్ క్వీన్‌కి పెయింటింగ్ నేర్పింది. రాయల్ ఫ్యామిలీ బొమ్మలు వేసింది. చాలావాటికి సైన్ లేదు, సో తర్వాత అందరూ ఎవరో మగ పెయింటర్ వేశాడనుకున్నారు."

"ఆవిడకేం ఇచ్చారే?"

"గిఫ్ట్స్. జ్యువెలరీ, మంచి మంచి క్లాత్..."

"శాలువాలన్నమాట."

నైనిక ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. "ఇది చూడు. ఆమెకి నేర్పిన టీచర్ ఆమె బొమ్మ వేస్తున్నట్టు ఆమే వేసింది. తను పెద్దగా, టీచర్ కింద, పక్కకి. బ్రష్ ఆయన చేతిలో ఉంది, బట్ ఆయన్ని కూడా వేసింది ఈమే. సావేజ్! భలే దెబ్బ కదా?"

జయంతి ఆ బొమ్మవంక చూస్తూ ఉండిపోయింది. పొయ్యిమీద పాలు పొంగి, ఇగిరి, మాడినా ఆమె తల తిప్పలేదు.

ఉగాదినాడు పట్టుతెర లాగగానే హాలంతా నోరు తెరిచింది. గోడమీద భీమశంకరంగారు పట్టుపంచె కట్టి, నెత్తిన కొత్తగా మొలిచిన ఒత్తయిన జుట్టుతో, కుంచె పట్టుకుని కళామతల్లి బొమ్మ వేస్తున్నారు. తల్లి ముఖం జయంతిది. ఆయన ఆమె మోచేతి దాకా వచ్చారు. అసలు భీమశంకరంగారు మాత్రం ఎత్తు చూసుకోలేదు, జుట్టు చూసుకుని మురిసిపోయారు.

హాలుకి పెద్ద విరాళమిచ్చిన వసంతలక్ష్మిగారు ముందువరసలో కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమండీ, తల్లికి కళ్ళేవీ?"

కళ్ళ చోట రెండు తెల్లటి ఖాళీలున్నాయి. జయంతి మైకు అందుకుంది.

"బొమ్మకి కళ్ళు ఆఖర్న, పదిమంది ఎదుట తెరవాలి కదండీ ఆంటీ. అదీ వేసిన చెయ్యే తెరవాలి. ఎవరి చెయ్యో ఫలకంమీద ఉంది."

అంటూ వెండిపళ్ళెంలో సన్నకుంచె, నల్లరంగు పెట్టి భీమశంకరంగారి ముందు పట్టుకుంది. పిల్లలు "అంకుల్! అంకుల్!" అని చప్పట్లు మొదలెట్టారు. కాన్వెంటులో సిస్టర్ బెత్తం చూసిన కుర్రాడిలా ఆయన అటూ ఇటూ చూశారు. అప్పటికీ నిజం చెప్పేస్తే పోయేది. రెండు చుక్కలే కదా అనుకుని నిచ్చెనెక్కారు.

దిగేసరికి తల్లికి ఒక కన్ను తూర్పుతీరంలో పిస్కాటవే వైపు, రెండోది పడమటితీరంలో ఫ్రీమాంట్ వైపు చూస్తున్నాయి. మధ్యలో ఉన్న దేశమంతా ఆమెకి కనబడటం మానేసింది.

ఎవరో పిల్ల గట్టిగా అడిగింది. "మమ్మీ, ఆంటీ రెండు ఎగ్జిట్ సైన్లూ ఒకేసారి ఎందుకు చూస్తోంది?"

హాలు పగలబడి నవ్వింది. భీమశంకరంగారు మైకు లాక్కున్నారు. "ఇది నా బొమ్మ కాదండీ! జయంతిగారిది! ఎప్పుడూ ఆవిడే వేస్తారు! నేను ఉత్త కమిటీ!"

"కళ్ళు మాత్రం మీవేనండీ," అంది జయంతి. "ఎవరి పని వాళ్ళ పేరుమీదే ఉండాలి."

వసంతలక్ష్మిగారు అక్కడికక్కడే తీర్మానం చేయించారు. పది రోజుల్లో కొత్త ఫలకం వచ్చింది: "చిత్రం, జయంతి. కళ్ళు, భీమశంకరం."

తర్వాత ఆయన ఇంటికొచ్చి బతిమాలారు. "అమ్మా, ఆ రెండూ కాస్త సరిచెయ్యవా?"

"మీ పనిమీద నా చెయ్యి పడితే ప్రోటోకాల్ ఒప్పుకోదండీ."

ఆయన వెళ్ళాక మోహన్ గొణిగాడు. "ముఖం నీదే కదా జయంతీ. అలా మెల్లకన్నుతో, శాశ్వతంగా..."

"ఉండనివ్వండి. పేరు తిన్నగా ఉందిగా."

ఇప్పుడా హాల్లో ఏ పండగ జరిగినా పులిహోర ట్రేలమీద వండినవాళ్ళ పేర్లుంటాయి. అంతవరకూ వంటంతా తనదేనని చెప్పుకున్న ఫుడ్ కమిటీ చైర్మన్‌కి కూడా నడుంనొప్పి తగ్గింది. భీమశంకరంగారు మాత్రం సభకి వస్తే కుర్చీ కోసం చాలాసేపు వెతుక్కుంటారు. ఆ గోడకి ఎడమవైపు కూర్చున్నా, కుడివైపు కూర్చున్నా, ఏదో ఒక కన్ను ఆయన్నే చూస్తూ ఉంటుంది.