నడిస్తేనే దారి చూపేది

మా సగినాలీ మామయ్య అమ్మకి అన్న. నరిన్ కొండల్లో గుర్రాలు మేపుతూ బతికాడు. ఎంత పొగమంచు కమ్మినా ఆయన దారి తప్పడని ఊళ్లో అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్లు. అది అబద్ధం. దారి తప్పనిది ఆయన కాదు, కులా.

కులా ఆయన గుర్రం. బూడిద కలిసిన పసుపు రంగు. మా దగ్గర ఆ రంగునే కులా అంటారు, అదే దాని పేరైంది. మంచు దిగగానే మామయ్య కళ్లెం వదిలేసి, చేతులు చంకల్లో దూర్చుకుని, సగమే గుర్తున్న పాటేదో అందుకునేవాడు. కులా తిన్నగా గుడారం తలుపు ముందుకు తెచ్చి నిలబెట్టేది. చిన్నప్పుడు జీను మీద ఆయన ముందు కూర్చుని నేనూ అలా చాలాసార్లు ఇంటికి చేరాను. కులా చెవులు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇల్లు దగ్గరపడిందని వాసనే చెప్పేది. ఎండుపేడ పొగ, తోలుసంచిలో పులుస్తున్న గుర్రప్పాలు, తడిసిన ఉన్ని. ఈ మూడూ కలిసిన వాసన తర్వాత నాకెక్కడా తగల్లేదు. పట్నంలో గుర్రప్పాలు సీసాల్లో అమ్ముతారు. వాటికి సీసా వాసన వస్తుంది.

ఒక చలికాలం కులా ముసలితనంతో పోయింది. తర్వాత కొన్న ఎర్రగుర్రానికి పరుగుంది, పొగరుంది, బుర్ర లేదు. ఆ ఏడే మంచులో మామయ్య దారి తప్పి, చీకటిపడే వేళకి పక్క లోయవాళ్ల కుక్కల మధ్య తేలాడు. ఆ కుక్కలు ఆయన బూటు ఒకటి తిరిగివ్వలేదు.

బురుల్కాన్ అత్తయ్య తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కసారి తప్పిపోయావంటే గుర్రాలన్నీ అమ్మేస్తాను ముసలోడా. బిష్కెక్ పట్నం పోయి కనిషాయ్ దగ్గర కూర్చుందాం. కూతురింట్లో నాలుగో అంతస్తుకి ఏ మంచూ ఎక్కి రాదు."

అత్తయ్య బెదిరించే మనిషి కాదు, చేసే మనిషి. మంచు కరిగి దారులు తెరుచుకోగానే మామయ్య బస్సెక్కి బిష్కెక్‌లో నా గదికి వచ్చేశాడు. అప్పటికి నేను విసుగొచ్చి కాలేజీ మానేసి బజార్లో ఫోన్లు అమ్ముతున్నాను.

"అల్లుడూ, నాకో గుర్రం కావాలి" అన్నాడు కూర్చోకముందే. "మేత తిననిది. చావనిది. జేబులో పట్టేది."

"జీపీఎస్సా? ఫోన్లోనే ఉంటుంది కదా మామయ్యా" అని నా ఫోన్ చేతికిచ్చాను.

గొర్రెతోలు చేతితొడుగు వేసుకుని నొక్కాడు. పలకలేదు. తొడుగు తీసి, వేలు తడి చేసుకుని నొక్కాడు. ఇంకేదో తెరుచుకుంది.

"చెయ్యి కడుక్కుని, తుడుచుకుని రమ్మంటోంది. మీ అత్తకి చెల్లెల్లా ఉంది. వద్దు."

వేటగాళ్లకీ కొండలెక్కేవాళ్లకీ సామాను అమ్మే కొట్టొకటి ఉంటే అక్కడికి తీసుకెళ్లాను. కొట్టతను ముందు పెద్దదొకటి తీశాడు. రంగుల తెర, రంగుల పటం.

"ప్రపంచం మొత్తం ఇందులో ఉంది తాతా."

"ప్రపంచం నాకెందుకు నాయనా, మా గుడారం ఉంటే చాలు" అంటూ దాన్ని వీధిలోకి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూశాడు. వెనక్కి తెచ్చిచ్చేశాడు. "ఎండలో కళ్లు మూసుకునే గుర్రం నాకొద్దు."

రెండోది సన్నగా, అందంగా ఉంది. మామయ్య అటూ ఇటూ తిప్పి, "దీన్నెలా మేపాలి?" అని అడిగాడు.

"కరెంటుకి పెట్టాలి."

"మా కొండ మీద కరెంటు ఉరిమినప్పుడే వస్తుంది."

మూడోది గుప్పిట్లో పట్టే పొట్టిది. నలుపూ తెలుపూ తెర, పక్కన గట్టి మీటలు, లోపల వేలెడు బ్యాటరీలు రెండు. బ్యాటరీలు చూడగానే మామయ్య ముందుకి వంగాడు. మా ఊరి కొట్లో వోద్కా, కొవ్వొత్తులు, ఆ బ్యాటరీలు ఎప్పుడూ ఉంటాయి. చక్కెరే ఉండదు. తొడుగు వేసుకుని మీట నొక్కితే టక్కున పలికింది. ఎండలో పెడితే తెర ఇంకా బాగా కనబడింది. కొట్టతను ఆపేలోపే దాన్ని అతని టీ గ్లాసులో ముంచేశాడు.

"అయ్యయ్యో తాతా!"

"నీళ్లకి ఏమీ కాదని నువ్వేగా అన్నావు?"

"నీళ్లకి అన్నాను. నా టీకి అనలేదు!"

తుడిచి చూస్తే బాగానే ఉంది. అయితే కొట్టతను నిజాయితీపరుడు. "ఇది చవకది, ముందే చెబుతున్నా. ఇందులో దిక్సూచి లేదు. నిలబడి చూస్తే బాణం పిచ్చిపిచ్చిగా చూపిస్తుంది. నువ్వు కదిలి నాలుగడుగులు వేస్తేనే దానికి దిక్కు తెలుస్తుంది. తర్వాత నామీద పడొద్దు."

ఎవరైనా వెనక్కి తగ్గే మాట అది. మామయ్య మొహం మాత్రం వెలిగిపోయింది.

"కులా కూడా అంతేరా. నిలబెట్టి అడిగితే చెప్పేది కాదు. వదిలితేనే."

అదే కొన్నాం.

వేసవి మొదట్లో మేతకొండకి వెళ్లి గుడారం వేశాక, ఒక మీట నొక్కి పట్టుకుని ఉన్నచోటుని గుర్తుపెట్టించడం నేర్పాను. తెర మీద బుల్లి ఇంటిబొమ్మ వచ్చింది. మామయ్య దాన్ని ఎర్రగుర్రానికి కూడా చూపించాడు.

"కొత్త గుర్రం కదా, ఉప్పు నాకించలేదేం?" అంది అత్తయ్య.

చలి ముదిరేముందు గుడారం విప్పడానికి సాయంగా నేను మళ్లీ వెళ్లాను. ఆ రోజు ఒక ఆడగుర్రం కనబడలేదని మామయ్య మధ్యాహ్నం బయల్దేరాడు. కాసేపటికే మంచు దిగింది, వెంటే సన్నని తడిమంచు వాన. తలుపులో నిలబడితే గుర్రాల్ని కట్టే తాడు కూడా కనబడలేదు. అత్తయ్య బయటికొచ్చి గరిటెతో బాన మూత మీద కొట్టడం మొదలుపెట్టింది.

"రానీ. ఇవాళ రానీ. రేపే బేరగాణ్ణి పిలుస్తా. ఒక్క గుర్రం మిగలదు."

తిడుతూనే ఉంది, కొడుతూనే ఉంది. చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. గరిటె నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

వెలుగు పోతుండగా గుర్రం సకిలించింది. మేం చూస్తున్న గట్టు వైపు నుంచి కాదు, వెనక ఏటి వైపు నుంచి. మామయ్య తడిసి ముద్దయ్యాడు. వెనకాల ఆ ఆడగుర్రం బుద్ధిగా నడిచి వస్తోంది.

"తప్పిపోయావు కదూ?" అంది అత్తయ్య.

"లేదు."

"మరి ఏటి వైపు నుంచి ఎందుకొచ్చావు?"

"ఇంటికెళ్లి వస్తున్నాను."

అప్పుడు అర్థమైంది మా ఇద్దరికీ. గడ్డి అయిపోయిందని వేసవి మధ్యలో గుడారాన్ని గట్టు ఇవతలికి మార్చుకున్నారు. ప్రతి ఏడూ చేసే పనే, ఊపిరి పీల్చినట్టు చేసేస్తారు. ఎటు వెళ్తే అటు మాకు ఇల్లు వెంటే వస్తుంది. ఇల్లు మారిందని వేరే ఎవరికైనా చెప్పాలన్న ఆలోచన ఆ కొండల్లో ఎవరికొస్తుంది?

బాణం ఆయన్ని పాత చోటుకే తీసుకెళ్లింది. గడ్డిలో గుడారమంత పసుపు వలయం, నడుమ పొయ్యిరాళ్లు. మామయ్య దిగి, తలుపుకి ఎదురుగా తను రోజూ కూర్చునే చోట కాసేపు కూర్చున్నాడట. అక్కణ్ణుంచి ఏటి వెంబడి, సామాను మోసుకుని మారిన దారినే వచ్చేశాడు. ఆ దారి ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు.

"నేను తప్పిపోలేదు, ఇదీ తప్పిపోలేదు" అన్నాడు జేబు తడుముతూ. "ఇంటికే తీసుకెళ్లింది. అక్కడ ఇల్లే లేదు."

అత్తయ్య గరిటె ఎత్తింది. కొడుతుందనుకున్నాను. నవ్వు మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"కులా గుర్తుందా? చోటు మారిన ప్రతిసారీ పోయి పాత వలయంలో నిలబడేది. నేనే పోయి చెవి పట్టుకుని తెచ్చేదాన్ని."

"ఇది కులాయేనే. చూసుకునే కొన్నాను."

"మరి గుర్రాలు అమ్మేస్తావా అత్తయ్యా?" అని నేను ఊరుకోక అడిగాను.

"ముందు టీ తాగి చావండి" అంది.

అమ్మలేదు. తర్వాత చాలా వేసవులు మేతకొండకి వెళ్లారు. చోటు మారిన ప్రతిసారీ గుడారం నిలబెట్టగానే అత్తయ్య "దానికి చెప్పావా?" అనేది, మామయ్య "చెప్పాను" అనేవాడు. ఆ రెండు మాటలయ్యాకే పొయ్యి వెలిగించేవాళ్లు.

చివరికి గుర్రాల్ని అమ్మించింది మంచు కాదు, మామయ్య మోకాళ్లు. జీను ఎక్కలేకపోయాడు. నాలుగో అంతస్తుకి వచ్చేశారు. వచ్చిన రోజు నేను బుద్ధిలేక ఆ ఇంటిని జీపీఎస్‌లో గుర్తుపెట్టబోతే డబ్బా లాక్కున్నాడు.

"ఇక్కడ తప్పిపోవడానికేముందిరా? దాన్నలా ఉండనీ."

అలాగే ఉంది. ఆఖరి వేసవి గుడారమే అందులో ఇల్లు.

మోకాళ్లకి మంచిది, రోజూ నడవమని డాక్టరు చెప్పింది. కూతురు బతిమాలింది. టీవీ ముందు నుంచి మామయ్య కదల్లేదు. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అత్తయ్య రిమోట్‌ని అరచేతికేసి కొడుతోంది.

"మళ్లీ బ్యాటరీలు ఎత్తుకుపోయాడు. రోజూ ఇదే."

కిటికీలోంచి చూశాను. కింద కార్ల మధ్య మామయ్య, డబ్బా గుండెకి ఎదురుగా పట్టుకుని, కుంటుకుంటూ నడుస్తున్నాడు. గోడ దాకా వెళ్లి, తిరిగి, మళ్లీ గోడ దాకా. నిలబడితే అది చెప్పదు మరి.

అత్తయ్య కిటికీ తెరిచి కేకేసింది. "ముసలోడా! సీరియల్ మొదలైపోతోంది, బ్యాటరీలు తీసుకురా!"

మామయ్య వినిపించుకోలేదు. అత్తయ్య కాసేపు చూసి, ఈసారి తిట్టకుండా కేకేసింది.

"ఎటుందంటోంది?"

ఆయన నడక ఆపకుండానే చెయ్యి పూర్తిగా చాచి చూపించాడు. గ్యారేజీల మీదుగా, తెల్లకొండల వైపు. అత్తయ్య అటే చూస్తూ నిలబడిపోయింది. రిమోట్ ఆమె చేతిలోనే ఉంది.